గర్భనిరోధం, గర్భనిరోధకం ఒకటేనా?

సందేహం: ఆరోగ్య సిబ్బంది కోసం శిక్షణ పుస్తకం రాస్తున్నాం. ‘గర్భనిరోధం’, ‘గర్భనిరోధకం’ రెండూ ఒకటేనా? అత్యవసర మాత్రను ‘గర్భస్రావ మాత్ర’ అనవచ్చా? అన్ని పద్ధతులకూ ‘కుటుంబ నియంత్రణ’ అనే ఒక్క మాట చాలదా? ‘మాత్ర మరచిపోతే మర్నాడు రెండు వేసుకోవాలి’ అన్న వాక్యం సరిగానే ఉందా?

సమాధానం: ఒకటి కావు. రెండింటికీ మూలం ‘రుధ్’ ధాతువే. అడ్డగించడమని దాని అర్థం. నిరోధం అంటే అడ్డుకునే పని. ‘అక’ ప్రత్యయం చేరిన నిరోధకం అంటే అడ్డుకునేది. మాత్ర, కండోమ్, కాపర్-టి గర్భనిరోధకాలు. వాటివల్ల జరిగేది గర్భనిరోధం. అందుచేత ‘గర్భనిరోధం వాడండి’ అనకూడదు, ‘గర్భనిరోధకం వాడండి’ అనాలి.

అత్యవసర మాత్రను గర్భస్రావ మాత్ర అనడం మాత్రం పెద్ద పొరపాటు. లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్ 1.5 మిల్లీగ్రాములు ఉండే ఈ మాత్ర అండం విడుదలను ఆపుతుంది, లేదా ఆలస్యం చేస్తుంది. గర్భం అప్పటికే నిలిచి ఉంటే దాన్ని పోగొట్టలేదు. పేరు తప్పుగా పెడితే గర్భం తీయించుకోవడం ఇష్టంలేని మనిషి అవసరమైన వేళ ఈ మాత్ర వద్దంటుంది. నెల తప్పినావిడ ఇదే వేసుకుని గర్భం పోతుందని ఎదురుచూస్తుంది. ‘అత్యవసర గర్భనిరోధక మాత్ర’ అనే రాయండి. పక్కనే ‘కలయిక జరిగిన 72 గంటల లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు’ అని చేర్చండి.

‘గర్భశ్రావం’ అన్న రాత చాలాచోట్ల కనిపిస్తుంది. అది తప్పు. ‘స్రు’ అంటే కారడం, దాన్నుంచి స్రావం. ‘శ్రు’ అంటే వినడం, దాన్నుంచి శ్రవణం. దానంతట అది జరిగితే గర్భస్రావం, చేయించుకుంటే గర్భవిచ్ఛిత్తి అని రాతలో తేడా పాటించండి. మాటల్లో రెండూ అబార్షనే అయినా క్రియ తేడా చెప్పేస్తుంది: ‘అబార్షన్ అయింది’, ‘అబార్షన్ చేయించుకుంది’. పాత వివరాలు అడిగేటప్పుడు సిబ్బంది ఈ క్రియను జాగ్రత్తగా వినాలి.

‘కుటుంబ నియంత్రణ’ విస్తృతమైన మాటే. కానీ వాడుకలో అది చాలామందికి ఆపరేషన్ అనే అర్థానికి కుదించుకుపోయింది. ‘కుటుంబ నియంత్రణ చేయించుకున్నారా?’ అని అడిగితే కాపర్-టి ఉన్నావిడ కూడా ‘లేదండీ’ అంటుంది. ఆమె అబద్ధమాడలేదు, ప్రశ్నే తప్పు. ‘గర్భం రాకుండా ఇప్పుడు ఏమైనా వాడుతున్నారా?’ అని అడగాలి. ‘పిల్లలు పుట్టకుండా’ అనే మాట కూడా వద్దు. ఇక ఎప్పటికీ పుట్టరేమోనన్న భయం అందులో ఉంది. తాత్కాలిక పద్ధతులకు ‘ఇప్పుడప్పుడే గర్భం రాకుండా’ అన్నది చక్కటి తెలుగు.

ఇక మీ వాక్యం. వ్యాకరణ దోషం లేదు, అర్థం మాత్రం చాలదు. ఎన్ని మాత్రలు మరచిపోతే? గుర్తొచ్చినా మర్నాటిదాకా ఆగాలా? మూడు మరచినావిడ ఎన్ని వేసుకోవాలి? పైగా ఏ మాత్ర అన్నది కూడా రాయలేదు. ప్రొజెస్టిన్ అనే హార్మోన్ ఒక్కటే ఉన్న మాత్రకు లెక్క వేరు. రెండు హార్మోన్లు కలిసిన రోజువారీ మాత్రకైతే ఇలా రాయవచ్చు:

‘ఒక మాత్ర మరచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. ఆ రోజు మాత్రను మామూలు వేళకే వేసుకోండి. ఒకే రోజు రెండు పడినా ఫరవాలేదు. రెండుగానీ, అంతకంటే ఎక్కువగానీ మరచిపోతే, చివరగా మరచినదాన్ని మాత్రం వెంటనే వేసుకోండి, అంతకు ముందువి పారేయండి. తర్వాత వరసగా 7 రోజులు హార్మోన్ మాత్రలు వేసుకునేదాకా కండోమ్ కూడా వాడండి. ఆ 7 రోజులు పూర్తికాకముందే అట్టలో హార్మోన్ మాత్రలు అయిపోతే, మిగిలిన హార్మోన్ లేని మాత్రలు వదిలేసి మర్నాడే కొత్త అట్ట మొదలుపెట్టండి.’