బదిలీ మీద వచ్చిన ఊళ్లో మన సంఘం లేకపోతే ఏ చర్చిలో కుదురుకోవాలి?

బ్రదర్, వందనాలు. గుంటూరు లూథరన్ సంఘంలో పుట్టి పెరిగాం, బదిలీ మీద మహబూబ్‌నగర్ వచ్చాం, మన బోర్డు ఎక్కడా కనబడటం లేదు, ఆదివారానికో చర్చి తిరుగుతున్నాం, ఇంట్లో పెద్దావిడ, ఇద్దరు పిల్లలు ఉన్నారు, ఎక్కడ స్థిరపడమంటారు అని అడిగారు. మాదీ గుంటూరు జిల్లా లూథరన్ కుటుంబమే. మావారిది బ్యాంకు ఉద్యోగం. ఒంగోలు, కాకినాడ, ఆ తర్వాత మీరున్న పాలమూరు వైపు కూడా కాపురం చేశాం.

మీకు బోర్డు కనబడకపోవడంలో వింతేమీ లేదు. పాతరోజుల్లో మిషన్లు ఒకరి పొలంలోకి ఒకరు దిగకుండా తెలుగు జిల్లాల్ని పంచుకున్నాయి. లూథరన్ మిషనరీ హేయర్ దొరగారు 1842లో గుంటూరులో దిగారు గనక మనం లూథరన్లం అయ్యాం. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులవి. 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నది ఆ వైపే. కాకినాడ నుంచి శ్రీకాకుళం దాకా కెనడా బాప్టిస్టులు. బందరు, ఏలూరు ఆంగ్లికన్లు (ఇంగ్లండు చర్చివాళ్లు), మెదక్ వెస్లియన్లు (బ్రిటిష్ మెథడిస్టులు). ఈ ఇద్దరూ 1947లో సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కలిసిపోయారు, మనవాళ్లూ బాప్టిస్టులూ కలవలేదు. మీ పాలమూరు మెన్నోనైట్ బ్రెదరెన్ వాళ్లది, అందుకే ఏ పాత చర్చి చూసినా ఎంబీ అని ఉంటుంది. పెద్ద నగరాల్లో అయితే అన్నీ కలగలిసి ఉంటాయి, మన ఆరాధన క్రమం ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. జిల్లా కేంద్రాల్లో ఆ ఆశ పెట్టుకోకండి.

నేనైతే బోర్డు వెతకడం మానేసి, మీ అమ్మగారు వర్షం పడ్డ రోజు కూడా రాగలిగినంత దగ్గర్లో ఉన్న సంఘానికి వెళ్లమంటాను. కీర్తనల పుస్తకం ఎటూ అందరిదీ ఒకటే. పల్లవి ఎత్తుకోగానే ఆవిడ గొంతు కలుపుతారు, అది చాలు. వెళ్లడానికి పెద్దగా ఆలోచించక్కర్లేదు గానీ, పేరు రాయించుకునే ముందు మాత్రం బాప్తిస్మం గురించీ సమాధుల తోట గురించీ పాస్టరు గారిని నేరుగా అడగాలి.

బాప్తిస్మం సంగతే ముందు వస్తుంది. మనకు పసితనంలో నీళ్లు చిలకరించి బాప్తిస్మం, పెద్దయ్యాక ఆ విశ్వాసాన్ని సంఘం ముందు తామే ఒప్పుకునే కన్ఫర్మేషన్. బాప్టిస్టులు, ఎంబీ వాళ్లు, బ్రదరెన్, పెంతెకోస్తు వాళ్లు విశ్వాసం ఒప్పుకున్నాక నీళ్లలో ముంచి ఇచ్చేదే బాప్తిస్మం అంటారు. ఒంగోలులో మేం వెళ్లిన చోట పాస్టరు గారు ఆ మాట మర్యాదగానే చెప్పారు: రండి, పాడండి, పిల్లల్ని సండే స్కూల్లో వేయండి, కానీ సభ్యత్వం, కమిటీలో ఓటు ముంపు బాప్తిస్మం తర్వాతే అని. మేం తీసుకోలేదు. అక్కడున్నన్నాళ్లూ అలాగే వెళ్లాం, ఎవరూ తక్కువగా చూడలేదు. మా తోటికోడలు ఇంకో ఊళ్లో తీసుకుంది. 'అయితే మా అమ్మానాన్న ఇప్పించింది ఏమైనట్టు?' అని మా మరిది చాన్నాళ్లు మాట్లాడలేదు. మనస్సాక్షి ఒప్పుకుంటే సంతోషంగా తీసుకోండి. సభ్యత్వం కోసమనో, రేపు పిల్ల పెళ్లికి ఇబ్బంది అవుతుందనో మాత్రం వద్దు. బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభురాత్రి భోజనం) విషయంలో కూడా ఒక్కో సంఘానిది ఒక్కో పద్ధతి. బల్ల ఇచ్చే ఆదివారానికి ముందే అడిగి తెలుసుకుంటే మీ అమ్మగారు లేచి ముందుకు వెళ్లాక ఆగాల్సిన అవసరం రాదు. సీఎస్ఐలో, మెథడిస్టుల్లో మనకు ఈ చిక్కు లేదు, వాళ్లూ పసిపిల్లలకు బాప్తిస్మం ఇస్తారు.

రెండోది వినడానికి ఇబ్బందిగా ఉంటుంది, అయినా పెద్దవాళ్లున్న ఇల్లు కాబట్టి చెబుతున్నాను. మా మామగారు మా దగ్గర ఉండగానే పోయారు. మేమప్పుడు వెళ్తున్నది ఏ పాత మిషన్‌కూ చెందని స్వతంత్ర సంఘం, చక్కటి ప్రార్థన, మంచి మనుషులు, కానీ వాళ్లకు సొంత సమాధుల తోట లేదు. ఉన్న తోట వేరే సంఘానిది. వాళ్ల కమిటీ పెద్దలు సంతకం పెట్టాలి, సభ్యులకు ఒక రుసుము, బయటివాళ్లకు ఇంకోటి, పైగా ఇద్దరు పెద్దలకు ఒకరంటే ఒకరికి పడదు. తెల్లవార్లూ ఫోన్లు చేసి, చివరకు అంబులెన్సులో మా ఊరికే తీసుకెళ్లి అక్కడ సమాధి చేశాం. మీ అమ్మగారి మనసులో ఏముందో కూడా కనుక్కోండి. చాలామంది పెద్దవాళ్లు సొంత ఊళ్లో భర్త పక్కనే అని ముందే అనుకుని ఉంటారు.

పెళ్లీడు పిల్లలున్నవాళ్లు ఇంకోటి గమనించాలి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ప్రతి పాస్టరూ పెళ్లి చేసి సర్టిఫికెట్ ఇవ్వలేరు. స్వతంత్ర సంఘాల వాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. లేని చోట చేయించుకుంటే పాస్‌పోర్టు, వీసా దగ్గర ఆ కాగితం చెల్లక తిప్పలు పడతారు.

స్వతంత్ర సంఘాలు వద్దని నేననను. కొత్తవాళ్లని పలకరించడంలో వాళ్ల తర్వాతే ఎవరైనా. వరుసగా రెండు ఆదివారాలు కనబడకపోతే ఇంటికొచ్చి ప్రార్థన చేసి వెళ్తారు. పాత మిషన్ చర్చిల్లో ఏడాది వెళ్లినా పక్క బెంచీవాళ్ల పేరు తెలియకపోవచ్చు. దశమభాగం (సంపాదనలో పదో వంతు కానుక) మీద గంటసేపు ప్రసంగించి, లెక్కలు అడిగితే ముఖం మాడ్చుకునే చోట మాత్రం ఆగకండి. పాత సంఘాల్లో లెక్కలు జనరల్ బాడీలో చదువుతారు, అక్కడ మళ్లీ ఎన్నికల గొడవలు, రెండు వర్గాలు, కోర్టు కేసులు! ఏది భరించగలరో మీరే చూసుకోవాలి.

ఆదివారం ఆరాధన చూసి తేల్చుకోకండి, ఆ రోజు అందరూ ఇస్త్రీ బట్టల్లోనే ఉంటారు. వారం మధ్యలో జరిగే గృహ కూడికకు వెళ్లండి. మీ ఆవిడని స్త్రీల కూడికకు ఒకసారి పంపండి. నగలు తీసెయ్యాలంటారా, తెల్లచీరే కట్టాలంటారా, కొత్త మనిషికి చాప మీద చోటిస్తారా అన్నవి అక్కడ గంటలో తెలిసిపోతాయి. నాకు కాకినాడలో స్నేహితులు దొరికింది అలాగే. పిల్లల సంగతికొస్తే, ఇంగ్లీషు మీడియం పిల్లలు తెలుగు బైబిలు కూడబలుక్కుంటూ చదువుతారని ఇంగ్లీషు ఆరాధనకు మార్చేస్తుంటారు కొందరు. నాకు అది నచ్చదు, ఇంట్లో నాయనమ్మ ఉండగా మీకు ఆ అవసరమూ లేదు.

గుంటూరులో మీ పేర్లు అప్పుడే తీయించెయ్యకండి. చందా అక్కడికి పంపిస్తూనే ఉండండి. అక్కడి పాస్టరు అయ్యగారికి ఫోన్ చేసి మీ అందరి బాప్తిస్మం, కన్ఫర్మేషన్ సర్టిఫికెట్లు, మీరు మంచి స్థితిలో ఉన్న సభ్యులని ఒక ఉత్తరం తెప్పించుకోండి. ఎక్కడ చేరినా ముందు అడిగేవి అవే. ఈ వారంలోనే చేయండి, డిసెంబరు వచ్చిందంటే ఆయన దొరకరు.