38 ఎంఎం టైర్లు చాలు, ముందు సందు కొలిచి చూడు

తమ్ముడూ, తిరుపతి నుంచి చంద్రగిరి దాకా తారు, ఆపైన చెరువు కట్టల మీద కంకర, సైకిల్‌కున్న 28 ఎంఎం వెడల్పు టైర్లు జారుతున్నాయి, 45 వేయాలా అన్నావు. అంత అక్కర్లేదు, 38 చాలు. మధ్యలో నున్నగా, అంచుల్లో గుబ్బలున్నవి తీసుకో. నిండా గుబ్బలుంటే తారు మీద బర్రుమని మోతే తప్ప వేగం రాదు.

కొనేముందు ఫ్రేముకీ టైరుకీ మధ్య సందు చూడు. కొత్తది ఎక్కాక రెండు పక్కలా 4 మిల్లీమీటర్లైనా మిగలాలి. నాకు 2 మిగిలింది, ఒక్క వానకే బురద ఇరుక్కుని పెయింటంతా గీరుకుపోయింది.

అసలు తప్పు గాలి దగ్గరే. షాపులో 80 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టేస్తారు. నువ్వు 70 కిలోలుంటే వెనక 45, ముందు 40 పీఎస్ఐతో మొదలుపెట్టు. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. తుమ్మముల్లు మాత్రం ఈ టైర్లలోనూ దిగుతుంది, స్పేర్ ట్యూబు పెట్టుకో.