పెట్టె వచ్చిన మొదటి అరగంట

తోట నుంచి వారానికోసారి వచ్చే కూరగాయల పెట్టెలో సగం కుళ్ళిపోతోంది, ఏమేం వండితే అంతా చెల్లుతుందని అడిగారు. ఎన్ని వంటలు నేర్చుకున్నా ఇది తీరదండీ. పెట్టె ఇంటికొచ్చిన మొదటి అరగంటలో ఏం చేశారన్నదే అసలు సంగతి. వచ్చింది వచ్చినట్టు ఫ్రిజ్‌లోకి తోసేస్తే మూడో రోజుకల్లా అడుగునున్న ఆకుకూర జిగురు కడుతుంది.

ముందు కత్తి పట్టుకుని ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్‌ల ఆకులు కోసేయండి. ఆకు అంటి ఉన్నంతసేపూ దుంపలో నీటిని లాగుతూనే ఉంటుంది. ఆకుతో సహా పెట్టిన ముల్లంగిని రెండు మూడు రోజుల తర్వాత పట్టుకుని చూడండి, రబ్బరు ముక్కలా వంగుతుంది. ఆకు తీసి మూత డబ్బాలో పెట్టింది వారం దాటినా కొరికితే కరకరమంటుంది. బీట్‌రూట్‌కు మాత్రం 2, 3 సెంటీమీటర్ల కాడ వదలాలి, లేదంటే ఉడికించినప్పుడు రంగంతా నీళ్ళపాలవుతుంది. కోసిన ముల్లంగి, బీట్‌రూట్ ఆకులు చక్కటి ఆకుకూర, పారేయకండి. మర్నాటికల్లా వండేయాలి, అంతే.

రాగానే అన్నీ కడిగి పెట్టే అలవాటు చాలామందికి ఉంది. కూరగాయలు పాడవడానికి ఇదే పెద్ద కారణమని నా గట్టి నమ్మకం. తడి ఆకు మీద కుళ్ళు త్వరగా పాకుతుంది. పండిన, నలిగిన ఆకులు ఏరేసి, మిగతావి పొడి నూలుగుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టండి. గుడ్డ చెమ్మగిల్లితే మార్చండి. కడగడం వండేముందే. ఆకు వాడిపోయిందంటే పాడైందని కాదు, అందులో నీరు తగ్గిందంతే. చల్లటి నీళ్ళలో 20 నిమిషాలు ఉంచితే మళ్ళీ నిగనిగలాడుతుంది. జిగురు, వాసన వస్తే మాత్రం పారేయాల్సిందే.

టమాటాలు పండేదాకా బయటే ఉండాలి. పండే టమాటా ఇథిలీన్ అనే వాయువు వదులుతుంది, పక్కనున్న బ్రకోలీని, ఆకుకూరను అది పసుపు చేసేస్తుంది. అందుకే వేరే మూల చూడండి. బంగాళాదుంపలు ఉల్లిపాయల పక్కన కాకుండా చీకట్లో ఉండాలి. వంకాయ, కీర దోస చలికి తట్టుకోలేవు, 10 డిగ్రీల కంటే తక్కువలో నాలుగు రోజులుంటే తొక్క మీద గుంటలు పడతాయి. ఫ్రిజ్ అమ్మేవాళ్ళు ఇవేవీ చెప్పరు, కూరగాయల అర మీదున్న ఆ చిన్న మీట ఎందుకో కూడా చెప్పరు. అది గాలి మార్గం: ఆకులకు మూసి ఉంచాలి, పండ్లకు తెరవాలి.

ఇక వండే వరస. ఇష్టమైనవి ముందు తినేసి ఆకుకూరను చివరికి నెట్టడమే తప్పు. మొదటి రెండు రోజులు ఆకులు, పచ్చి బఠాణీ, మొక్కజొన్న. ఆ రెండు గింజల్లో తీపి గంటగంటకూ పిండిగా మారిపోతుంది. తర్వాత బెండ, బీన్స్, కీర. క్యాబేజీ, క్యారెట్, గుమ్మడి వారాల తరబడి ఆగుతాయి.

నాలుగో రోజుకీ పాలకూర మిగిలిందా, ఇక ఆగకండి. అరకిలో ఆకుకు 4 లీటర్ల నీళ్ళు తెర్లించి, ఆకు వేసి, 2 నిమిషాలకు తీసి, వెంటనే ఐసు నీళ్ళలో మరో 2 నిమిషాలు ముంచండి. బీన్స్‌కైతే 3 నిమిషాలు. తర్వాత ఆకును గట్టిగా పిండి, ఒక్కో పూటకు సరిపడా ముద్దలు చేసి, పళ్ళెంలో విడివిడిగా గడ్డకట్టించాక సంచిలోకి మార్చండి. ఇలా ఉడకబెట్టకుండా ఫ్రీజర్‌లో పెడితే ఆకులోని ఎంజైములు పనిచేస్తూనే ఉండి రంగు, రుచి పాడుచేస్తాయి. నీళ్ళు తక్కువైతే ఆకు పడగానే తెర్లడం ఆగిపోయి అది మెత్తబడుతుంది. నిమిషంలోపు మళ్ళీ తెర్లలేదంటే ఆకు ఎక్కువ వేశారన్నమాట.

క్యాబేజీ మిగిలితే సన్నగా తరిగి, కిలోకు 20 గ్రాముల ఉప్పు వేసి నీరు ఊరేదాకా పిసికి, సీసాలో అదిమి, ఆ నీటిలోనే మునిగేలా బరువు పెట్టండి. మూత బిగించొద్దు, గ్యాసు పోవాలి. వారం నుంచి రుచి చూస్తూ, కావలసినంత పులిశాక ఫ్రిజ్‌లో పెట్టుకోండి. పైన బూజులా నూగు కనబడితే మొత్తం పారేయాలి.

ఇన్ని చేసినా ఒకే కూర మూడు వారాలు వరసగా మిగిలితే, దాన్ని తగ్గించమని తోటవాళ్ళకు చెప్పండి, లేదా సగం పెట్టె ఇస్తారేమో అడగండి.