‘నాకు తెలుసు’ అనలేనివాడు మిషన్‌కు వెళ్లవచ్చా?

ప్రశ్న: సార్, నాకు ఈ మధ్యే పద్దెనిమిదేళ్లు నిండాయి. హైదరాబాద్‌లో ఇంటర్ ఎంపీసీ పూర్తిచేశాను. ఎప్‌సెట్‌లో ఒక మోస్తరు ర్యాంకు వచ్చింది. మాది కడవరి దిన పరిశుద్ధుల సంఘం. బయటివాళ్లు మోర్మన్లు అంటారు. మా సంఘంలో అబ్బాయిలు రెండేళ్లు మిషనరీలుగా సేవ చేసి వస్తారు. నాన్న ఇప్పుడే దరఖాస్తు పెట్టమంటున్నారు. సీటు వదులుకుంటే మళ్లీ దొరకదని మామయ్య అంటున్నారు. ఇంట్లో ఎవరికీ చెప్పని విషయం ఇంకొకటి ఉంది. నెలలో మొదటి ఆదివారం ఉపవాసం ఉండి, కూడికలో ఒక్కొక్కరూ లేచి ‘ఇది సత్యమని నాకు తెలుసు’ అని సాక్ష్యం చెబుతారు. నాకు ఆ మాట నోట రావడం లేదు. నన్ను ఏం చేయమంటారు?

జవాబు: చివర్లో భయపడుతూ రాసిన ఆ నాలుగు వాక్యాలే నీ అసలు ప్రశ్న. అయినా ముందు సీటు సంగతి తేల్చేద్దాం. దానికి లెక్కలున్నాయి, లెక్కలు చూస్తే భయం కొంత తగ్గుతుంది.

మీ సంఘానికి కేంద్రమైన అమెరికాలోని యూటాలో నీ వయసు కుర్రాడికి ఈ ప్రశ్న ఇంత బరువుగా ఉండదు. అక్కడ మీ సంఘమే నడిపే బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం మిషన్‌కు వెళ్లే విద్యార్థి ప్రవేశాన్ని వాయిదా వేసి, తిరిగొచ్చాక చేర్చుకుంటుంది. తరగతిలో సగంమంది స్నేహితులు అదే దారిలో ఉంటారు. మన దగ్గర ఇంజినీరింగ్ సీటును రెండేళ్లు ఎవరూ అట్టేపెట్టరు. 2012లో మన దేశంలోని మొదటి స్టేకు, అంటే కొన్ని స్థానిక సంఘాల సముదాయం, హైదరాబాద్‌లోనే ఏర్పడింది. అయినా నీ కాలేజీలో ఈ మాట అర్థమయ్యే స్నేహితుడు ఒక్కడు కూడా ఉండకపోవచ్చు. నీ ఒంటరితనంలో ఒక భాగం విశ్వాసానికి సంబంధించింది కాదు. ఈ ఊళ్లో నీలాంటివాళ్లు కొద్దిమందే కావడం వల్ల వచ్చింది.

సేవ రెండేళ్లే అయినా చదువులో విరామం మూడేళ్లు అయ్యే అవకాశం ఎక్కువ. ఈ అక్టోబరులో బయలుదేరావనుకో, రెండేళ్ల తర్వాత అక్టోబరులో తిరిగొస్తావు. ఎప్‌సెట్ రాయాలంటే ఆపై ఏడాది మే దాకా ఆగాలి, కాలేజీలో చేరేసరికి ఆగస్టు. ఎప్‌సెట్ ఇంజినీరింగ్‌కు గరిష్ఠ వయసు లేదు కాబట్టి ఆ తలుపు తెరిచే ఉంటుంది. జేఈఈ అలా కాదు. మెయిన్‌కు ఇంటర్ పాసైన ఏడాదితో కలిపి వరుసగా మూడేళ్లే అవకాశం, అడ్వాన్స్‌డ్‌కు వరుసగా రెండేళ్లే. ఐఐటీ, ఎన్‌ఐటీ ఆశ నీకుంటే అది తెలిసే వదులుకోవాలి, తిరిగొచ్చాక తెలుసుకోకూడదు. కొన్ని పెద్ద ఐటీ కంపెనీలు ప్రాంగణ నియామకాల్లో చదువు విరామం రెండేళ్లు మించకూడదనే నిబంధన పెడతాయి. ఇది కూడా గుర్తుంచుకో.

నీ ఉత్తరం చూస్తే ఒక విషయం ఇంట్లో ఎవరూ గట్టిగా చెప్పినట్టు లేదు. 2012 అక్టోబరులో మీ సంఘం అబ్బాయిలు మిషన్‌కు వెళ్లే కనీస వయసును 19 నుంచి 18కి తగ్గించింది. ఇంటర్ ఫలితాలు రాగానే ఈ చర్చ మొదలవడానికి కారణం అదే. అయితే 18 అనేది మొదలు మాత్రమే, 25 ఏళ్ల దాకా వెళ్లవచ్చు. బీటెక్ పూర్తిచేసి 22కు బయలుదేరినా ఆలస్యం కాదు. వద్దనేది ఒక్కటే, బీటెక్ మధ్యలో ఆపి వెళ్లడం. తిరిగి చేరేటప్పటికి సిలబస్ మారి ఉంటుంది, ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో చిక్కులొస్తాయి, జూనియర్లతో కూర్చోవాలి. వెళితే చదువుకు ముందు, లేదా చదువు ముగిశాక.

ఇక నీ నోట రాని ఆ మాట.

నేను మీ సంఘంవాణ్ణి కాదు. నీ ఉత్తరం వచ్చాక మీ గ్రంథాలు తెరిచి, నీ ప్రశ్నకు దగ్గరగా ఉన్న చోట్లు వెతికాను. మోర్మన్ గ్రంథంలోని ఆల్మా పుస్తకం 32వ అధ్యాయంలో ఆల్మా అనే ప్రవక్త విశ్వాసాన్ని విత్తనంతో పోలుస్తాడు. పేదలని ప్రార్థనా మందిరంలోంచి గెంటేసిన మనుషులతో అతను మాట్లాడుతున్నాడు. మీకు తెలిసి ఉండాలని వాళ్లను అడగడు, నమ్మాలన్న కోరిక ఒక్కటే ఉన్నా చాలు, దానికి చోటివ్వండి అంటాడు. నాటి చూడండి, మొలిస్తే మంచి విత్తనమని తెలుస్తుంది అంటాడు. మీ మరో గ్రంథమైన ‘సిద్ధాంతము మరియు నిబంధనలు’ 46వ ప్రకరణంలో, కొందరికి తెలుసుకొనే వరం, కొందరికి వారి మాటలు నమ్మే వరం ఇవ్వబడుతుందని ఉంది. చదివినప్పుడు నువ్వే గుర్తొచ్చావు. ‘తెలుసు’, ‘నమ్ముతున్నాను’, ‘నమ్మాలని ఉంది’. ఈ మూడింటికీ నీ గ్రంథాల్లో చోటుంది. కూడికలో మాత్రం మొదటిదే వినబడుతుంది. అందుకే మిగతా రెండూ లోపాలనుకున్నావు.

ఈ మూడింట్లో నీది ఏది? ఇది నువ్వే తేల్చుకోవాలి. ‘నమ్మాలని ఉంది’ అని నిజంగా అనగలిగితే, నీ గ్రంథం ప్రకారం నీ దగ్గర విత్తనం ఉంది. ఆ కోరిక కూడా లేకుండా, నాన్న మొహం చూసి వెళుతున్నావంటే మాత్రం వెళ్లవద్దు. పొద్దున్నే ఆరున్నరకు లేచి, ఎప్పుడూ జంటగా తిరుగుతూ, ముక్కూమొహం తెలియనివాళ్ల ఎదుట కూర్చుని దేవుని గురించి మాట్లాడే పని అది. వారానికోసారి ఇంటికి ఫోను చేసుకోవచ్చన్న వెసులుబాటు కూడా 2019లోనే వచ్చింది. ఏ ఊరు వెళ్లాలో నువ్వు ఎంచుకోలేవు. ఇన్నేళ్లలో తండ్రి కోసం ఎంపీసీ తీసుకుని రెండో ఏడాదికి నలిగిపోయిన పిల్లల్ని ఎంతోమందిని చూశాను. తండ్రి కోసం దేవుణ్ణి ప్రకటించడం అంతకంటే కష్టం. ఎదుట కూర్చున్న మనిషికి కూడా అది అన్యాయం.

మీ సంఘానికి 1995 నుంచి 2008 దాకా అధ్యక్షుడిగా ఉన్న గోర్డన్ బి. హింక్లీ గురించి విని ఉంటావు. 1932లో యూటా విశ్వవిద్యాలయంలో పట్టా తీసుకున్నాడు. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం చదవాలన్నది అతని ఆశ. మాంద్యం రోజులు. అమ్మ రెండేళ్ల క్రితమే పోయింది. కొడుకుల మిషన్ల కోసం ఆమె కూడబెట్టి వెళ్లిన చిన్న మొత్తం సాయంతో 1933లో ఇంగ్లండ్ వెళ్లాడు. ప్రెస్టన్‌లో ఎవరూ మాట వినలేదు, ఒంట్లో బాగుండలేదు. నా కాలం, మీ డబ్బు వృథా అవుతున్నాయని తండ్రికి రాశాడు. నిన్ను నువ్వు మరచిపోయి పనిలోకి దిగు అని తండ్రి బదులు రాశాడు. మీవాళ్లు ఈ కథను తండ్రి జవాబు కోసం చెబుతారు. నాకు కొడుకు ఉత్తరమే ముఖ్యంగా కనిపిస్తుంది. సందేహం వచ్చినప్పుడు అతను దాన్ని దాచుకోలేదు, ఇంటికి రాశాడు. తిరిగొచ్చాక కొలంబియా చదువు జరగలేదు, సంఘపు ప్రచార విభాగంలో ఉద్యోగం దొరికింది. రాయడం అనే పని మాత్రం చేజారలేదు. అనుకున్న దారి మారే అవకాశం నీకూ ఉంది, దాన్ని దాచి నీకు భరోసా ఇవ్వలేను.

అందుకని దరఖాస్తు జోలికి వెళ్లకముందు కొన్ని పనులు చెయ్యి. మోర్మన్ గ్రంథాన్ని ఇంట్లో అందరితో కలిసి కాకుండా ఒంటరిగా, మొదటినుంచి చదువు. మీ వార్డులో, అంటే మీ స్థానిక సంఘంలో, సేవచేస్తున్న మిషనరీలతో కొన్ని సాయంత్రాలు వెళ్లు. అక్కడ నీకు మాట్లాడాలనిపిస్తుందా, తప్పించుకోవాలనిపిస్తుందా గమనించు. మిషన్ పూర్తిచేసి ఆనందంగా వచ్చిన ఒకరితో, ఆరోగ్యం వల్లో మనసు తట్టుకోలేకో మధ్యలో వచ్చేసిన ఒకరితో విడివిడిగా మాట్లాడు. ఆ రెండో మనిషి దగ్గరకు ఎవరూ వెళ్లరు, నువ్వు తప్పకుండా వెళ్లు. దరఖాస్తు పెట్టేటప్పుడు మీ వార్డు పెద్ద అయిన బిషప్ ఇంటర్వ్యూలో నీ సాక్ష్యం గురించి అడుగుతారు. అక్కడ అరువు తెచ్చుకున్న మాట చెప్పకు. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే మిషనరీగా నీ మొదటి పని అవుతుంది.

వెబ్ ఆప్షన్ల గడువుకు ముందే మనసు తేలితే, ఎటైనా ధైర్యంగా వెళ్లు. తేలకపోతే సీటు తీసుకుని చేరిపో, 25 దాకా సమయముంది. ‘బీటెక్ తర్వాత చూద్దాం’ అన్నది కొందరి నోట మర్యాదగా చెప్పే ‘వద్దు’. నీది అదే అయితే నాలుగేళ్లు మోయకుండా ఇప్పుడే చెప్పు.

ముందు నాన్నతో మాట్లాడు. ఆయన ఏ వయసులో, ఎలా నమ్మారో అడుగు. తర్వాత నీ సంగతి చెప్పు. ఆప్షన్ల జాబితా తయారుచేసుకున్నాక మళ్లీ రాయి, కాలేజీలు ఏ వరుసలో పెట్టాలో చూసి చెబుతాను.