లాడ్జీ గెస్టు వైఫైలో సీసీ కెమెరాలు కనిపిస్తున్నాయంటే

రాయగడ నుంచి అడిగిన లాడ్జీ ఓనరు గారికి నమస్కారం. గెస్టు వైఫైలో ఉన్న ఫోన్‌లో మీ సీసీ కెమెరాల లాగిన్ పేజీ తెరుచుకుంటోందనీ, రిసెప్షన్ కంప్యూటర్‌కి అప్పుడప్పుడు నెట్ పోతోందనీ రాశారు. బయటి హ్యాకర్ ఎవడో దూరాడని మీ టెన్షన్. నేను బరంపురంలో షాపులకీ లాడ్జీలకీ ఈ పనే చేస్తుంటాను. నాకు తగిలినవాటిలో ఎక్కువ భాగం ఇంటి దొంగలే.

ముందు నెట్ పోయేదాని సంగతి. బడా బజార్‌లో ఒక బట్టల హోల్‌సేల్ షాపులో ఇలాగే కొన్ని కౌంటర్లలో ట్యాలీ తెరుచుకునేది, కొన్నింట్లో సర్వర్ దొరికేది కాదు. దొరకని కంప్యూటర్‌లో నెట్‌వర్క్ వివరాలు చూపే ఐపీకాన్ఫిగ్ కమాండ్ కొట్టి చూస్తే డిఫాల్ట్ గేట్‌వే, అంటే అది నెట్ కోసం పట్టుకున్న రౌటర్ అడ్రస్, 192.168.0.1 అని ఉంది. షాపు రౌటర్‌దేమో 192.168.1.1. ఆ కొత్త అడ్రస్ బ్రౌజర్‌లో కొడితే ఇళ్లలో వాడే చిన్న రౌటర్ పేజీ వచ్చింది. యూజర్ అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మినే. చివరికి పై గోడౌన్‌లో చీరల మూటల వెనక దొరికింది. పైన సిగ్నల్ అందక గోడౌన్ కుర్రాడు ఇంట్లోది తెచ్చి, షాపు కేబుల్‌ని దాని ల్యాన్ పోర్టులో, అంటే కంప్యూటర్లు తగిలించే చోట, గుచ్చాడు. ఇక షాపు రౌటర్‌తో పాటు అదీ కంప్యూటర్లకి నెట్‌వర్క్ అడ్రసులు పంచడం మొదలెట్టింది. ఏ రౌటర్ ముందు జవాబిస్తే కంప్యూటర్ దాని అడ్రసే తీసుకుంటుంది. పాపం, వాడికీ నెట్ సరిగా రాలేదు.

అదే కేబుల్‌ని ఇంటర్నెట్ అని రాసి ఉండే వ్యాన్ పోర్టులో గుచ్చి ఉంటే ఏ కౌంటరూ ఆగేది కాదు, ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. ఆ రౌటర్ స్టిక్కర్ మీది వైఫై పాస్‌వర్డ్ తెలిసినవాడు ఎవడైనా సర్వర్ దాకా వచ్చేసేవాడు. నన్నడిగితే గోల చేసేదానికంటే ఇలా నోరు మూసుకుని కూర్చునేదే ప్రమాదం. దీన్ని పట్టాలంటే ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ పెట్టుకుని అన్ని అంతస్తులూ తిరగండి, మీది కాని పేరు ఎక్కడ బలంగా పలుకుతోందో అక్కడ వెతకండి. మెయిన్ రౌటర్‌లో కనెక్ట్ అయిన పరికరాల లిస్టు కూడా చూడండి. వాడని గోడ పోర్టుల కేబుళ్లు, నెట్ కేబుళ్లన్నీ కలిసే స్విచ్ పెట్టె దగ్గరే పీకేయండి. సెట్టింగులు మార్చుకోగలిగే స్మార్ట్ స్విచ్ ఉంటే, దొంగ రౌటర్ అడ్రసులు పంచకుండా ఆపే డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఆన్ చేయండి, గోడౌన్ కుర్రాడి లాంటి కేసు అక్కడే ఆగిపోతుంది.

ఇక కెమెరాలు. గెస్టు నెట్‌వర్క్ అని టిక్ పెట్టినంత మాత్రాన విడిపోదు. చాలా చవక రౌటర్లని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే మెయిన్ రౌటర్ నెట్‌నే వైఫైగా పంచేలా, పెడితే గెస్టుల్నీ మీ రిసెప్షన్‌నీ ఒకే నెట్‌వర్క్‌లో వదిలేస్తాయి. పేరు వేరు, పాస్‌వర్డ్ వేరు, లోపల అంతా ఒకటే. పద్ధతిగా చేయాలంటే వీల్యాన్, అంటే ఒకే కేబుళ్ల మీద విడివిడి నెట్‌వర్కులు, పెట్టాలి, దానికి యాక్సెస్ పాయింటూ స్విచ్చూ రౌటరూ మూడూ సహకరించాలి. అంత ఖర్చు వద్దనుకుంటే గెస్టులకి విడిగా ఇంకో బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ తీసుకోండి. దాని కేబుల్ మీ స్విచ్‌ని తాకకూడదు, అంతే. మొరటు పద్ధతే గానీ చిన్న లాడ్జీకి నేను ఇదే చెబుతాను.

ఎంత చక్కగా సెట్ చేసినా, గెస్టు గొడవ చేస్తే నైట్ డ్యూటీ కుర్రాడు పిన్ను పెట్టి రీసెట్ నొక్కేస్తాడు. దాంతో మీరు పెట్టినవన్నీ పోయి కంపెనీ సెట్టింగులు తిరిగొస్తాయి, చాలా మోడళ్లలో డబ్ల్యూపీఎస్‌తో సహా, అంటే పాస్‌వర్డ్ బదులు బటన్‌తోనో అంకెల పిన్ నంబర్‌తోనో వైఫైలో కలిసే సదుపాయం. ఆ 8 అంకెల పిన్ నంబర్‌ని రౌటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుంది కాబట్టి 11,000 ప్రయత్నాల లోపే దొరికిపోతుందని 2011లోనే బయటపడింది. కొత్త మోడళ్లు కొన్ని తప్పులకే లాక్ అవుతాయి, అయినా డబ్ల్యూపీఎస్ ఆపేయడమే మేలు. సెట్టింగుల బ్యాకప్ ఫైలు దాచుకోండి, పెట్టెల్ని చేతికందని ఎత్తులో బిగించండి. వైఫై సెక్యూరిటీ సెట్టింగులో కొత్త రకం డబ్ల్యూపీఏ3 ఉంటే మంచిదే, పాత ఫోన్లు కలవకపోతే డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ చాలు.

మీ స్విచ్, యాక్సెస్ పాయింట్ల మోడల్ నంబర్లు రాయండి, వీల్యాన్ పనిచేస్తుందో లేదో చూసి చెప్తాను. ఈలోగా గెస్టు వైఫైలో కలిసి రౌటర్ అడ్రస్ కొట్టి చూడండి. పేజీ తెరుచుకుంటే అడ్మిన్ పాస్‌వర్డూ, కెమెరా రికార్డర్ పాస్‌వర్డూ ఈరోజే మార్చేయండి.