భద్రతా మండలి గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను, మొదటిసారి గబగబా, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో సభ్యత్వం మారాలని నువ్వు మనసారా నమ్ముతున్నావు, అది ప్రతి పేజీలో కనిపిస్తోంది. నాకూ అదే నమ్మకం, ఎప్పటినుంచో. అయితే నీ నాలుగు పేజీల్లో అన్యాయం అనే మాట పదకొండుసార్లు వచ్చింది, 108 అనే అంకె ఒక్కసారి కూడా రాలేదు. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

సమితికి రాజ్యాంగం లాంటి చార్టర్‌లో 108వ అధికరణం చదువు, చిన్నదే. చార్టర్‌లో ఏది మార్చాలన్నా సభ్యదేశాలన్నీ కూర్చునే సర్వప్రతినిధి సభలో మూడింట రెండు వంతుల దేశాలు ఒప్పుకోవాలి, అంటే ఇప్పుడున్న 193లో కనీసం 129. అక్కడితో పని అయిపోదు, ఆ తర్వాత అన్నే దేశాలు తమ తమ రాజ్యాంగ పద్ధతుల ప్రకారం దాన్ని ధ్రువీకరించాలి, ఆ ధ్రువీకరించినవాటిలో మండలి శాశ్వత సభ్యులైన అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్ ఐదూ ఉండి తీరాలి. ఈ ఐదుగురిలో ఒక్కరు సంతకం పెట్టకపోయినా మొత్తం ఆగిపోతుంది. నువ్వు రాసిన ప్రతి డిమాండునూ తీసుకెళ్లి ఈ గుమ్మం ముందు నిలబెట్టి చూడు, ఏది లోపలికి పోతుందో ఏది బయటే ఉండిపోతుందో నీకే తెలుస్తుంది, పాఠకుడికి కావలసింది కూడా అదే.

మరి ఈ గుమ్మం ఎప్పుడైనా తెరుచుకుందా అంటే, మండలి విషయంలో ఒకే ఒక్కసారి తెరుచుకుంది. ఆ కథ నీ వ్యాసంలో లేదు, నాకు బాగా వెలితిగా అనిపించింది. 1945లో 51 దేశాలతో సమితి మొదలైనప్పుడు మండలిలో 11 కుర్చీలే ఉండేవి, ఐదు శాశ్వతం, ఆరు ఎన్నికైనవాళ్లవి. ఆసియా, ఆఫ్రికాల్లో వలసపాలన నుంచి బయటపడ్డ దేశాలు వరసగా వచ్చి చేరడంతో 1963 నాటికి సభ్యత్వం రెండింతలు దాటింది, కుర్చీలు మాత్రం అవే పదకొండు. ఆ ఏడాది డిసెంబర్ 17న ఎన్నికయ్యే కుర్చీలను పదికి పెంచే తీర్మానం ఓటింగ్‌కు వచ్చింది. అనుకూలం 97, వ్యతిరేకం 11, దూరంగా ఉన్నవి 4. ఇప్పుడు శాశ్వత సభ్యుల ఓట్లు చూడు: ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ వద్దన్నాయి, అమెరికా, బ్రిటన్ ఏదీ తేల్చకుండా దూరంగా ఉన్నాయి, అప్పట్లో చైనా కుర్చీలో ఉన్న తైవాన్ ప్రభుత్వం ఒక్కటే సరే అంది. ఆ సాయంత్రం ఎవరైనా నిన్ను అడిగితే ఇది జరిగే పని కాదనే చెప్పేవాడివి. కానీ 1965 ఆగస్టు 31 నాటికి ఐదుగురూ ధ్రువీకరించేశారు, సవరణ అమల్లోకి వచ్చింది. కొత్తగా వచ్చిన ఇన్ని దేశాల ఎదుట అడ్డుపుల్ల వేసినవాడిగా ఒంటరిగా మిగిలిపోవడం ఎవరికీ ఇష్టం లేకపోయిందని నేను అర్థం చేసుకున్నాను. ఆ రెండేళ్ల గురించి ఒక పేజీ రాయి, నీ ఆవేశమంతా అక్కడ పనికొస్తుంది. దాంతోపాటు ఇంకో మాట దాచకుండా రాయి, అప్పుడు పెరిగినవి ఎన్నికయ్యే కుర్చీలే, శాశ్వత సభ్యుడు ఒక్క ఓటుతో తీర్మానాన్ని ఆపేసే వీటో జోలికి ఎవరూ పోలేదు.

మండలిలో ఎవరెవరు ఉండాలో చెప్పే 23వ అధికరణం కూడా తెరిచి చూడు. శాశ్వత సభ్యుల పేర్లలో ఇవాళ్టికీ రిపబ్లిక్ ఆఫ్ చైనా (ఇందాక చెప్పిన తైవాన్ ప్రభుత్వం పేరు) అనే ఉంది, సోవియట్ యూనియన్ అనే ఉంది. 1971 అక్టోబర్ 25న సర్వప్రతినిధి సభ చేసిన 2758వ తీర్మానంతో ఆ చైనా కుర్చీ బీజింగ్‌కు వెళ్లింది, 1991 డిసెంబర్‌లో సోవియట్ కుర్చీలో రష్యా కూర్చుంది, చార్టర్‌లో ఒక్క అక్షరం కూడా మారలేదు. ఉన్న కుర్చీలో మనిషి మారడం అంత సులువుగా జరిగింది, కొత్త కుర్చీ వేయడానికి మాత్రం 1993లో కమిటీ వేసి 2009 నుంచి ప్రభుత్వాల మధ్య చర్చలు నడిపి ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. ఈ రెండూ పక్కపక్కన పెడితే చాలు, నువ్వు విడిగా వాదించక్కర్లేదు.

ఇక నీ మూడో పేజీ. అక్కడ కొత్త శాశ్వత కుర్చీలు వద్దనే ఇటలీ, పాకిస్తాన్, దక్షిణ కొరియా, అర్జెంటీనా లాంటి దేశాలకు అసూయ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. పక్కదేశానికి శాశ్వత కుర్చీ రావడం వాళ్లకు ఇష్టం లేదన్నది నిజమే, కానీ వాళ్లు వాదించేది వేరు. ఒకసారి ఇచ్చిన శాశ్వత కుర్చీని తిరిగి తీసుకునే దారి లేదని, ఎన్నికైతేనే ఓట్లేసినవాళ్లకు జవాబు చెప్పుకోవాల్సి వస్తుందని అంటారు. దాన్ని వాళ్లే చదివి మేమనేది ఇదే అని ఒప్పుకునేలా రాయి, ఆ తర్వాత నీ జవాబు చెప్పు. భారత్ 2020లో 192 ఓట్లలో 184 తెచ్చుకుని గెలిచిందని గర్వంగా రాశావు, నాకూ గర్వమే, కానీ అవి రెండేళ్ల కుర్చీకి పడ్డ ఓట్లు, శాశ్వత కుర్చీకి అన్ని పడతాయని వాటిని చూపించి చెప్పలేవు.

2005ను కూడా అలాగే ఒక్క వాక్యంలో దాటేశావు. భారత్, జపాన్, జర్మనీ, బ్రెజిల్ కలిసి మండలిని 25కి పెంచాలని ముసాయిదా పెట్టాయి, ఆరు కొత్త శాశ్వత కుర్చీలు, వీటో సంగతి పదిహేనేళ్ల తర్వాత చూద్దామని. ఆఫ్రికా దేశాలు మాకు రెండు శాశ్వత కుర్చీలు కావాలి, వీటోతో సహా కావాలి అని పట్టుబట్టి తమ ముసాయిదా వేరే పెట్టాయి. 54 దేశాలున్న ఖండానికి ఒక్క శాశ్వత కుర్చీ లేనప్పుడు సగం హక్కుతో ఎందుకు సర్దుకోవాలన్న వాళ్ల పట్టుదల నాకు అర్థమవుతుంది. రెండు ముసాయిదాలూ కలవలేదు, దేనిమీదా ఓటింగ్ జరగలేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే, మార్పు కోరుకునేవాళ్లే రెండు జట్లయిపోయారు. నీ వ్యాసానికి గుండెకాయ ఇక్కడే ఉందని నా నమ్మకం.

వీటోను, సభ్యత్వాన్ని ఒకే పేరాలో కలపకు. చార్టర్ ముట్టుకోకుండా జరిగే పనులు కొన్ని ఉన్నాయి, 2022 ఏప్రిల్ 26న సర్వప్రతినిధి సభ అలాంటిదే చేసింది, ఎవరైనా వీటో వేస్తే పది పనిదినాల్లోగా సభ కూర్చుని దానిమీద చర్చించాలని. వీటో ఎందుకు వేశారో అందరి ముందూ చెప్పుకోవలసిన పరిస్థితి వచ్చింది. చిన్న మెట్టే, అయినా ఎక్కింది మెట్టు.

చాలా ఏళ్ల కిందట నేనో తప్పు రాశాను. మండలిలో ఓట్ల లెక్క చెప్పే 27వ అధికరణం చదివి, శాశ్వత సభ్యదేశం ఓటేయకుండా ఊరుకుంటే తీర్మానం వీగిపోతుందని రాసేశాను. చార్టర్ మాటలు చూస్తే అలాగే ఉంటుంది, కానీ మండలి ఆచరణలో దూరంగా ఉండటం వీటో కిందికి రాదు, 1971లో నమీబియా మీద ఇచ్చిన సలహా అభిప్రాయంలో అంతర్జాతీయ న్యాయస్థానం కూడా ఆ ఆచరణను ఒప్పుకుంది. ఒక పెద్దాయన ఉత్తరం రాసి చెప్పేదాకా నాకు తెలియలేదు, వారం రోజులు నిద్ర సరిగ్గా పట్టలేదు. అందుకే అధికరణంతో పాటు ఆ పని నిజంగా ఎలా నడుస్తోందో కూడా చదవమంటున్నాను.

సమితి సభ్యుల్లో యాభైకి పైగా దేశాలు ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఆ మండలిలో కూర్చోలేదు. నీ మొదటి పేరా కొట్టేసి ఈ సంగతితో మొదలుపెట్టి చూడు. తిరగరాశాక పంపించు, పెన్సిల్ దగ్గరే పెట్టుకుంటాను.

నీ అన్నయ్య