మేక, పొట్టేలు, బీఫ్: ఇంట్లో ఎవరికి ఏది?

అమ్మకు రక్తం తక్కువ, నాన్నకు కొలెస్ట్రాల్ ఎక్కువ, ఇద్దరికీ కలిపి ఏ మాంసం తేవాలని ఒకరు అడిగారు. మాది అనంతపురం. మా ఇంట్లోనూ ఇదే పంచాయితీ కాబట్టి చెప్తున్నా.

ప్రొటీన్ గురించి టెన్షన్ వద్దు. మేకైనా, పొట్టేలైనా, బీఫైనా, పోర్కైనా పచ్చి కండ 100 గ్రాముల్లో ఇంచుమించు 20 గ్రాములుంటుంది. తేడా అంతా కొవ్వులోనే. మేక కండలో అది 2, 3 గ్రాములే. పొట్టేలుది కొవ్వు తీసేసినా 5 దాకా ఉంటుంది, తీయకుండా కొట్టిస్తే ఇంకా ఎన్నో రెట్లు. గేదె మాంసంలో కొవ్వు మేకలాగే తక్కువ. బీఫ్‌లో జింక్ బాగా ఉంటుంది, పోర్క్‌లో బి1 విటమిన్ ఎక్కువ.

కాబట్టి నాన్నకు మేక. అంగట్లో మటన్ అంటే మేక, పొట్టేలు రెండిట్లో ఏదైనా ఇచ్చేస్తారు, ఏదో అడిగి మరీ తీసుకోండి. మా నాన్న మాత్రం మేక కూర పీచుగా ఉంటుందని వంక పెడతాడు, ఆయనకు పొట్టేలే కావాలి. అందుకే పొట్టేలు తెచ్చినప్పుడు కూర ముందురోజు రాత్రే వండి, చల్లారాక ఫ్రిజ్‌లో పెడతాం. తెల్లారేసరికి పైన కొవ్వు తెల్లగా మైనంలా గడ్డకట్టి ఉంటుంది. దాన్ని గంటెతో ఎత్తేసి వేడి చేస్తే సంగటిలోకి పులుసు రుచేమీ తగ్గదు. ఆ గడ్డను చూశాకే ఆయన నోరు మూతపడింది!

అమ్మకైతే కార్జం, అంటే లివర్. కండలో ఐరన్ 100 గ్రాములకు 1 నుంచి 3 మిల్లీగ్రాములుంటే, పొట్టేలు కార్జంలో 7 దాటుతుంది. బి12 విటమిన్ కూడా దండిగా ఉంటుంది. పైగా మాంసంలోని ఐరన్ ఆకుకూరల్లో ఉన్నదానికంటే ఒంటికి బాగా పడుతుంది. మిరియాలు వేసి వేపుడు చేయండి, తిన్న వెంటనే టీ మాత్రం ఇవ్వకండి. గర్భిణులు కార్జం తినకపోవడమే మంచిది, అందులో విటమిన్ ఏ మరీ ఎక్కువ. రక్తం ఎందుకు తగ్గిందో డాక్టరు చూడాల్సిందే. రాసిచ్చిన మాత్రలు ఆపి కార్జం మీదే ఆధారపడొద్దు.

కార్జంలో కొలెస్ట్రాల్ కూడా ఎక్కువే, నాన్న ప్లేట్లో వేయకండి. ఇక ఎంత తినాలంటారా, వండిన రెడ్ మీట్ (మేక, పొట్టేలు, బీఫ్, పోర్క్ లాంటివి) మనిషికి వారానికి 350 నుంచి 500 గ్రాములు మించొద్దని క్యాన్సర్ నిపుణుల సలహా. ఆదివారం నలుగురికి అరకేజీ తెచ్చుకునే ఇంట్లో ఆ లెక్క దాటే ప్రసక్తే లేదు.